ఉప్పు చూసేవారు లేని విందు

సింగపూరు నుంచి వచ్చాక మా ఒంగోలులో ఎదురుపడిన ప్రతివాళ్లూ నన్ను అడిగేది ఒక్కటే: "అక్కడ ఏం తిన్నారు టీచరుగారూ?" ఆకాశాన్నంటే మేడల సంగతి ఎవరికీ అక్కర్లేదు, అవన్నీ టీవీలో చూసేశారు. పాము తిన్నానా, కప్ప తిన్నానా అనేదే వాళ్ల ఆరాటం. మా పాస్టరమ్మగారైతే కూటంలో ఆఖరి ఆమెన్ ఇంకా నోట్లో ఉండగానే అడిగేశారు. అందుకని ఇది రాస్తున్నాను. కానీ ముందే చెబుతున్నా, ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయిన భోజనం నేను తిన్నది కాదు. పగలంతా ఎదురుగా పెట్టుకుని, వాసన చూస్తూ, ఒక్క మెతుకు కూడా ముట్టకుండా కూర్చున్నది.

చాంగీ

నాకు పెళ్లి కాలేదు. మా తమ్ముడి కూతురు కరుణే నాకూ కూతురు. అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సు చేసి, రెండేళ్ల కిందట సింగపూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లింది. హిందీ పండిట్‌గా నేను రిటైరైన నెలలోనే, "అత్తా, పదిహేను రోజులు నా దగ్గరుండు" అని టికెట్టు పంపింది.

విమానంలో నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఇబ్బందంతా నా పెట్టెకే కలిగింది. గోంగూర పచ్చడి సీసా మూత వదులై, నూనె నెమ్మదిగా పాకి, బట్టల్నన్నిటినీ వదిలేసి సరాసరి నా ఆరాధన పాటల పుస్తకంలో దూరింది. చాంగీ విమానాశ్రయంలో పెట్టె తెరవమన్న చీనా కుర్రాడు పుస్తకం వైపు, నా వైపు చూసి, మర్యాదగా మూసేశాడు. అంత శుభ్రమైన నేల నేను మా సంఘంలో క్రిస్మస్ ముందు రోజు కూడా చూడలేదు. దాని మీద గోంగూర వాసన ఈడ్చుకుంటూ నడిచాను.

రైల్లో కూర్చున్నాక కరుణ నా చెయ్యి పట్టుకుంది.

"అత్తా, ఒకటి చెబుతా, అరవకు. రైల్లో అరిస్తే ఇక్కడ అందరూ చూస్తారు."

"నేనెప్పుడు అరిచానే?"

"మా కంపెనీ మూసేశారు. నీకు టికెట్ బుక్ చేసిన వారానికే. నెలాఖర్లోపు ఇంకో జాబ్ రాకపోతే ఇక్కడ ఉండనిచ్చే నా వర్క్ పాస్ అయిపోద్ది, ఇండియా వచ్చేయాలి. నాన్నకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

నేను అరవలేదు. నెలాఖరుకు ఎంతో లేదు. డాట్‌కామ్ అని పేరు పెట్టుకున్న కంపెనీలు వర్షాకాలం పుట్టగొడుగుల్లా లేచి, అంతే తొందరగా వాడిపోతున్న రోజులవి. ఒక మూల తీసేస్తున్నారు, ఇంకో మూల తీసుకుంటున్నారు. మధ్యలో ఉన్న పిల్లలు ఆ మూల నుంచి ఈ మూలకు పరుగెడుతున్నారు.

క్లెమెంటి

కరుణ క్లెమెంటిలో ఒక చీనా ఆంటీ ఫ్లాటులో గది అద్దెకు తీసుకుని ఉంటుంది. ఆంటీకి నా చీర నచ్చింది, నా పోపు నచ్చలేదు. నేను ఎండుమిర్చి నూనెలో వేసినప్పుడల్లా ఆవిడ కిటికీలన్నీ తెరిచి, లిఫ్టు దగ్గరికి వెళ్లి నిలబడేది. వారం తిరిగేసరికి మాత్రం గిన్నె పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడింది.

కింద తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉంటాయి. హాకర్ సెంటర్ అంటారు. అక్కడ నాకొక పరాభవం జరిగింది. ఖాళీ బల్ల కదా అని కూర్చోబోతే కరుణ గభాలున లాగేసింది.

"అది చోప్ చేశారు అత్తా!"

బల్ల మీద చిన్న టిష్యూ పొట్లం ఒకటి ఉంది. అంతే, మనిషి లేడు. అది పెట్టి వెళ్తే ఆ చోటు వాళ్లదేనట, దాన్నే చోప్ చేయడమంటారట. ఎవరూ ముట్టరట. నాకు నవ్వొచ్చింది. మనం చీరాల బస్సు కిటికీలోంచి జేబురుమాలు విసరమూ? కాకపోతే మన దగ్గర రుమాలుతో పాటు గొంతు కూడా ఉండాలి. ఇక్కడ టిష్యూ పొట్లమే అంతా మాట్లాడుతుంది.

ఆదివారం కూటం

తెలుగువాళ్ల ఆరాధన ఒక అద్దె హాలులో. సాఫ్ట్‌వేర్ పిల్లలు, షిప్‌యార్డులో పనిచేసే అన్నదమ్ములు, చంకలో బిడ్డలతో పుంగ్గోల్ నుంచి వచ్చిన జంటలు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. మొదటి పాటకు పుస్తకం తెరిచానో లేదో, నా వెనక వరసలో రాగం తప్పింది. రెండో పాటకు ఎవరో గట్టిగా గుటక వేశారు. ఆశీర్వాదం అయిపోగానే షిప్‌యార్డు తమ్ముడొకడు వచ్చి, "వందనాలమ్మా, తమరి దగ్గర గోంగూర ఏమన్నా ఉందా?" అన్నాడు. ఇంత కాలంగా వాక్యం చెబుతున్నాను కానీ నా పుస్తకం ఒకరి హృదయాన్ని అంత సూటిగా తాకడం అదే మొదలు.

ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు కరుణ తల వంచుకుంది. నేను ఉద్యోగం మాట మింగేసి, ప్రయాణంలో కాపాడిన దేవునికి వందనాలు చెప్పి కూర్చున్నాను. ఇంటికొచ్చేటప్పుడు కరుణ చెప్పింది: గురువారం ఇంటర్వ్యూ ఉందట. ఇక పిలుస్తామన్న కంపెనీ అదొక్కటేనట.

మనసులో తీర్మానించుకున్నాను: గురువారం దానికి జవాబు వచ్చేదాకా మంచినీళ్లే.

గురువారం, ఆఫీసుల వీధి

ఉపవాసం సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. ఉపవాసమున్నట్టు మనుషులకు కనబడకూడదని మాకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. మొహం వేలాడేసుకుని తిరిగితే దాని ఫలం అక్కడితో సరి. తలకు నూనె రాసుకుని, మొహం కడుక్కుని, పండగలాగా ఉండాలి. నేను గురువారం పొద్దున్నే శుభ్రంగా తలకు కొబ్బరినూనె పట్టించి, బిగించి జడ వేసుకుని, మంచి చీర కట్టుకుని తయారయ్యాను. కరుణ నా తల వైపు ఒకసారి చూసింది.

ఇంటర్వ్యూ తంజోంగ్ పగార్ దగ్గరి ఒక పెద్ద మేడలో. దాని ఎదురు వీధిలో ఒక హోటలుంది. పాత ఆఫీసు స్నేహితులతో కరుణ అక్కడికి మధ్యాహ్నం బఫేకి వచ్చేదట. నన్ను అక్కడ కూర్చోబెట్టి, యజమానితో, "అంకుల్, మా అత్త. నేనొచ్చేదాకా ఇక్కడే ఉంటారు," అని చెప్పి పరుగెత్తింది.

బోర్డు మీద పాకిస్తానీ అనీ ఇండియన్ అనీ రెండూ ఉన్నాయి. లోపల బల్ల మీద కూడా విభజన చక్కగా జరిగిపోయింది. ఎడమ వైపు నిహారీ, కడాయి గోష్త్, కీమా. కుడి వైపు పప్పు, పాలకూర పనీరు, ఆలూ గోబీ. మధ్యలో నాన్ల బుట్ట. దాని మీద మాత్రం రెండు దేశాలకూ హక్కున్నట్టుంది. మనిషికి పది డాలర్లు, ఎంత తిన్నా సరే. కరుణ వద్దని ఎంత చెప్పినా నా బుర్ర ఇరవై అయిదుతో గుణించేసింది. ఆ డబ్బుతో మా ఊళ్లో ఒక కుటుంబం బిర్యానీ తిని, మిగిలింది ఇంటికి కట్టించుకుని వెళ్తుంది.

ముస్లిముల హోటల్లో మాంసం ఎలా తిన్నావని మా సంఘంలో ఒక పెద్దాయన తర్వాత నన్ను నిలదీశాడు. ఒంగోలులో మన క్రిస్మస్ బిర్యానీకి మాంసం ఎవరి కొట్టు నుంచి వస్తోందో అడిగాను. ఆయన వాతావరణం గురించి మాట్లాడాడు.

హోటలాయన పేరు షఫీక్ భాయ్. లాహోరు మనిషి. అరవై దగ్గర పడ్డాయి, తెల్లటి గడ్డం, తల మీద టోపీ, నడుముకు ఏప్రన్. ఆయనది ఉర్దూ, నాది హిందీ పండిట్ హిందీ. నేను నోరు తెరిస్తే పాఠ్యపుస్తకం చదువుతున్నట్టుంటుందని ఆయనే అన్నాడు. ఆ రోజు వంటవాడికి జ్వరమట, అన్నీ ఈయనే వండాడు. ఇంకా జనం రాలేదు. ఒక చిన్న గిన్నెలో నిహారీ వేసి, చెంచా పెట్టి నా బల్ల దగ్గరికి తెచ్చాడు. తెల్లవారుజాము నుంచి సన్నసెగ మీద ఉడికిన మాంసం, పైన అల్లం తురుము, నిమ్మచెక్క. నా కడుపు నాకంటే ముందు లేచి నిలబడింది.

"బహెన్‌జీ, ఒక్క చెంచా. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పండి, చాలు."

అప్పుడు అర్థమైంది నా ఇరకాటం. ఉపవాసమని చెప్పకూడదు, చెబితే గుట్టు పోయింది. కడుపు నిండా తిన్నానని చెప్పకూడదు, అది అబద్ధం. ఈ రెండింటి మధ్య మిగిలిన సందు చాలా ఇరుకు.

"వాసన అద్భుతంగా ఉంది భాయ్‌సాబ్," అన్నాను.

"వాసన కాదు బహెన్‌జీ, ఉప్పు."

"మీ చెయ్యి తిరిగిన చెయ్యి. నేను చెప్పేదేముంది?"

లాహోరువాళ్లు పొగడ్తను కాదనలేరని అప్పుడే తెలిసింది. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, కొంచెం వంగి, వెళ్లిపోయాడు. గ్లాసెడు మంచినీళ్లు తాగి ఊపిరి పీల్చుకున్నాను. రెండు నిమిషాల్లో పప్పు గిన్నెతో మళ్లీ ప్రత్యక్షం.

"సరే, ఇది మీ ఇండియా వంట. దీని సంగతి మీరే చెప్పాలి. ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు, మళ్లీ వేశాను."

"మీరే ఒకసారి చూసుకోరాదూ?"

ఆయన టోపీ సర్దుకున్నాడు. పైకప్పు వైపు చూశాడు. "వండినవాడి నాలుకను నమ్మకూడదు, బహెన్‌జీ."

ఎంత వినయం అనుకున్నాను. "పప్పు రంగు మాత్రం చాలా బాగుంది," అన్నాను. అదీ నిజమే.

పన్నెండు దాటగానే మెడల్లో బిళ్లలు వేసుకున్న ఆఫీసు జనం వరద లాగా వచ్చిపడ్డారు. నా పక్క బల్ల దగ్గర ఇద్దరు కుర్రాళ్లు ప్లేట్లు నింపుకుని కూర్చున్నారు.

"ఒరేయ్ సీనూ, మటన్లో ఉప్పు లేదేంట్రా?"

"నా పప్పులో చూడరా బాబూ. బంగాళాఖాతం."

"రెండూ కలిపెయ్."

కలిపేశారు. అన్నం మీద నిహారీ, దాని మీద పప్పు. ఒక ముద్ద తిని, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, మళ్లీ లేచి వెళ్లి తెచ్చుకున్నారు. ఇది చూసిన చీనా అమ్మాయి కూడా కలిపింది. ఆమెను చూసి పంజాబీ పెద్దమనిషి కలిపాడు. కాసేపటికి హోటలంతా ఇండియా పప్పును పాకిస్తాన్ నిహారీలో పోసుకుంటోంది. వంటగది గుమ్మంలో గరిటెతో నిలబడిన షఫీక్ భాయ్ ముఖం మీరు చూసి ఉండాల్సింది. ఇన్నేళ్లుగా బల్ల మీద ఆయన కాపాడిన సరిహద్దును అరగంటలో చెరిపేశారు.

నాకు నవ్వు ఆగలేదు. సీను అనే కుర్రాడు తిరిగి చూశాడు.

"ఆంటీ, తెలుగా? మేం రాకముందు నుంచీ ఇక్కడే ఉన్నట్టున్నారు, ఉప్పు సంగతి చెప్పొచ్చు కదా అంకుల్‌కి?"

"నేనింకా తినలేదు నాన్నా," అన్నాను. అంతకంటే నిజం నా దగ్గర లేదు.

గుట్టు రట్టు

జనం పలచబడ్డాక షఫీక్ భాయ్ వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"బహెన్‌జీ, వాసన అన్నారు. చెయ్యి అన్నారు. రంగు అన్నారు. ఉప్పు మాట మాత్రం ఎత్తలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది."

"మరి మీరెందుకు చూసుకోలేదు?" అన్నాను నేనూ తగ్గకుండా.

ఆయన మళ్లీ టోపీ సర్దుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరుణ వచ్చింది. రెండు రౌండ్లు అయ్యాయట. మూడోది పెద్దాయనతోనట, ఆయన మీటింగు నుంచి వస్తే సాయంత్రం పిలుస్తారట, దగ్గర్లోనే ఉండమన్నారట. ఇదంతా ఒక్క ఊపిరిలో చెప్పి, మా ఇద్దరి మొహాలు చూసి, "ఏమైంది?" అంది. ఆయన చెప్పాడు. అది పగలబడి నవ్వింది.

"అంకుల్, అత్త ఫాస్టింగ్! ఆ తల నూనె చూడండి."

"నీకెలా తెలుసే?" అన్నాను తెల్లబోయి.

"నా టెన్త్ నుంచీ ఇంతే కదా అత్తా. నాకు ఎగ్జామ్ ఉన్న రోజల్లా నీ తల మెరిసిపోద్ది. మన వీధంతా తెలుసు. టీచరుగారు నూనె రాసుకున్నారంటే ఇవాళ ఎవరికోసమో ఉపవాసం అని పాలబ్బాయి కూడా చెబుతాడు."

"మరి తెలిసి ఇక్కడెందుకు కూర్చోబెట్టావ్?"

"ఏసీ ఉందని."

ఇన్నేళ్ల రహస్యం. పాలబ్బాయితో సహా. నేను తల పట్టుకుందామనుకుని, నూనె అంటుతుందని మానేశాను.

షఫీక్ భాయ్ నవ్వలేదు. గరిటె బల్ల మీద పెట్టి, కుర్చీ వీపు పట్టుకుని, మెల్లగా అన్నాడు: "బహెన్‌జీ, నాకూ ఇవాళ రోజా. అందుకే ఉప్పు చూడలేదు. వండేవాడు నాలుక కొనతో చూసి ఉమ్మేయొచ్చని కొందరంటారు. నాకంత ధైర్యం లేదు."

అప్పుడు ముగ్గురమూ నవ్వాము.

కరుణ మాత్రం ప్లేటు నిండా నిహారీ, పప్పు కలుపుకుని తెచ్చుకుంది. "మీరిద్దరూ ఫాస్టింగ్. నేను కాదు," అంది. కానీ నాలుగు ముద్దలు తిని ఊరుకుంది. ఫోను బల్ల మీద పెట్టుకుని, దాన్నే చూస్తూ కూర్చుంది.

సగం దించిన షట్టరు

మధ్యాహ్నం బఫే అయ్యాక హోటలు మూస్తారు. షఫీక్ భాయ్ షట్టరు సగం దించి, "ఎక్కడికి వెళ్తారు, ఇక్కడే ఉండండి," అన్నాడు. ఫోను మోగింది. కరుణ లేచి, జుట్టు సవరించుకుని, షట్టరు కింద నుంచి వంగి వెళ్లింది. వెళ్తూ నా వైపు చూడలేదు. చూస్తే ఏడుస్తుందని నాకు తెలుసు.

ఖాళీగా కూర్చోలేక, వెల్లుల్లి ఉంటే ఇవ్వమన్నాను. ఆయన ఒక బుట్టెడు తెచ్చి ఎదురుగా నిలబడే వలవడం మొదలుపెట్టాడు. ఆయన తన హోటల్లో కూర్చోగా నేను అప్పటిదాకా చూడలేదు.

"కానీ మీరు నీళ్లు తాగారు కదా, బహెన్‌జీ. చూశాను. అదేం ఉపవాసం?"

"మాది అంతే."

"మరి తేలికే!"

"తేలికేమిటి? మీది పొద్దు గుంకితే అయిపోతుంది. నాది జవాబు వచ్చేదాకా. రేపటిదాకా రాకపోతే రేపటిదాకా."

ఆయన ఒక రెబ్బ వలిచి ఆలోచించాడు. "సరే, ఒప్పుకున్నాను. దేనికి జవాబు?"

చెప్పాను. నెలాఖరు, పాస్, తమ్ముడికి తెలియకపోవడం, అన్నీ. చెప్పాక అడిగాను: "మీరు దేనికోసం ఉన్నారు?"

"దేనికోసమూ కాదు. సోమవారం, గురువారం ఉంటాను, అంతే. అడగాల్సింది ఉంటే నమాజులో అడుగుతాను. ఇది అడగడానికి కాదు."

నేను ఇంకో వెల్లుల్లి పాయ అందుకున్నాను. కరుణ పదో తరగతి నుంచి ఇవాళ్టి దాకా దేనికోసమూ కాకుండా నేను ఒక్క పూట ఉపవాసముండలేదు.

నమాజు వేళయింది. ఆయన చేతులు కడుక్కుంటూ, "ఇవాళ మీ అమ్మాయి పేరు కూడా చెబుతాను," అని వంటగది వెనక్కి వెళ్లాడు. నేను కుర్చీలోనే కళ్లు మూసుకున్నాను. మా పెద్దలు దీని గురించి ఏమంటారో తెలియదు. రెండు ప్రార్థనలూ ఒకే వెల్లుల్లి వాసనతో వెళ్లాయి, అది మాత్రం నేను చెప్పగలను.

పొద్దు వాలాక

ఆయన మిగిలిన నిహారీలో అంచనా మీద ఉప్పు వేసి మళ్లీ పొయ్యి మీద పెట్టాడు. వీధిలో ఆఫీసులు వదిలారు. షట్టరు కింద సందులోంచి నడిచిపోయే బూట్లు మాత్రమే కనబడుతున్నాయి. నల్లబూట్లు, గోధుమరంగు బూట్లు, ఎత్తుమడమల చెప్పులు. ఆ తర్వాత ఒట్టి కాళ్లు కనబడ్డాయి. అవి మా కరుణవే. చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"అత్తా! ఆర్నెల్లు! సిక్స్ మంత్స్ కాంట్రాక్టు! సోమవారం జాయినింగ్!"

స్తోత్రం అని నేనన్నదీ, ఆయన తన మాటలో అన్నదీ ఒకేసారి వినబడ్డాయి. కరుణ నా భుజం మీద మొహం పెట్టి, నూనె తలను కూడా లెక్క చెయ్యకుండా, పొద్దుటి నుంచి ఆపుకున్నదంతా ఏడ్చేసింది. తర్వాత లేచి, తనే వెళ్లి, ప్లేటులో నాన్, గిన్నెలో నిహారీ, మిగిలిన పప్పు తెచ్చి నా ముందు పెట్టింది.

"జవాబు వచ్చేసింది కదా. ఇంక తిను."

షఫీక్ భాయ్ రేడియో దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో ఖర్జూరాల పళ్లెం. బయట ఇంకా వెలుతురుంది.

"ఆగవే కాసేపు," అన్నాను.

"ఇప్పుడు ఇంకెవరి కోసం అత్తా?"

నా సంచిలోంచి టిష్యూ పొట్లం తీసి, బల్లకు అవతల, నా ఎదుటి కుర్చీ ముందు పెట్టాను.

కరుణ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "అంకుల్, అత్త మీకు చోప్ చేసింది."

ఆయన పొట్లాన్ని చూశాడు, నన్ను చూశాడు. "నా హోటల్లో నాకే సీటు పట్టారా?" అన్నాడు. ఏప్రన్ విప్పి, మడిచి, వచ్చి కూర్చున్నాడు. ముగ్గురమూ తినకుండా, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, వేడి వేడి నిహారీ చల్లారిపోతుంటే వెలుతురు తగ్గేదాకా కూర్చున్నాము. ఆకలి వెయ్యలేదని చెబితే అబద్ధం.

రేడియోలో అజాన్ వచ్చింది. ఆయన పళ్లెం ముందు నా వైపు జరిపాడు. ఖర్జూరం తిన్నాను. తర్వాత నాన్ ముక్క తుంచి, నిహారీలో ముంచి, నోట్లో పెట్టుకున్నాను. ఆయన ఇంకా తినలేదు, గడ్డం మీద చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తున్నాడు.

"ఇప్పుడు చెప్పండి, బహెన్‌జీ. ఉప్పు?"

"ఒక్క చిటికెడు తగ్గింది, భాయ్‌సాబ్."

ఆయన ఉప్పు డబ్బా కోసం లేవబోయాడు. కూర్చోమని, పప్పు గిన్నె ఆయన వైపు జరిపాను.